రెండున్నర గంటల చీటీ

పోయిన వారం నగరి నుంచి అక్క ఫోను చేసింది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు. చిన్నప్పుడు మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండిన దర్జీ అన్న చెల్లెలు. వాళ్లు సాయిబులు, మేము నేతపని వాళ్లం, అయినా బుద్ధెరిగిన నాటి నుంచి ఆమెను నేను అక్కా అనే పిలిచాను, ఆమె నన్ను తమ్ముడూ అనే పిలిచింది. ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి. మేనల్లుడు ఆమెను ఉమ్రా యాత్రకు మక్కా తీసుకుపోతున్నాడట. ఆ సంతోషమంతా చెప్పి, చివర్లో అడిగింది, మక్కా పోయేవాళ్లు దిగే జెడ్డాకి ఇక్కడి నుంచి విమానంలో ఎన్ని గంటలని. మేనల్లుడు ఫోనులో చూసి ఏదో లెక్క చెప్పాడు గానీ ఆమెకు నమ్మకం కుదరలేదట. "ఆ ఫోన్ల మాట నాకొద్దు. నువ్వు టికెట్ల ఆఫీసులో పనిజేసినోడివి గదా, నువ్వు సెప్పు తమ్ముడూ," అంది. చూసి చెప్తానక్కా అని పెట్టేశాను.

నేనూ ఆ ఫోనులోనే చూశాను, ఇంకెక్కడ చూస్తాను. రేణిగుంట విమానాశ్రయం నుంచి జెడ్డా విమానాశ్రయానికి దూరం ఇన్ని వేల కిలోమీటర్లు, ప్రయాణ సమయం ఇన్ని గంటల ఇన్ని నిమిషాలు అని చూపించింది. నిమిషాలతో సహా చూపించింది. కింద ఒక పటం, పటం మీద మన తిరుపతి నుంచి సముద్రాల మీదుగా ఒంపు తిరిగిన ఒక గీత. తమాషా ఏమిటంటే రేణిగుంట నుంచి జెడ్డాకి నేరుగా పోయే విమానమే లేదు. పోవాలంటే చెన్నైకి చచ్చీచెడీ చేరుకోవాలి. లేని విమానానికి నిమిషాలతో సహా లెక్క కట్టి, ఎవరో అడిగారని కాబోలు, ఇంత ధీమాగా చెప్తున్న ఆ తెరను చూస్తుంటే నాకు రోత పుట్టింది. ఆ రోత కొత్తది కాదని, ఆ ధీమా నాకు బాగా తెలిసినదేనని, ఒకప్పుడు అది నా నోట్లోనే ఉండేదని మీకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గంటల లెక్కలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. మా అల్లుడు ఒకడున్నాడు, మంచివాడే, హైదరాబాదు గంట ప్రయాణమే కదా మామయ్యా అంటాడు. ఆ గంట కోసం పొద్దున ఆరింటికి ఇల్లు వదిలి, కొండకు పోయే కార్ల మధ్య ఇరుక్కుని, రేణిగుంట చేరి, నడుముకున్న బెల్టు విప్పి, సీసాలో నీళ్లు పారబోసి, అద్దాల హాలులో రెండు గంటలు కుర్చీకి అతుక్కుపోయి, అక్కడ దిగాక ఊళ్లోకి రావడానికి మళ్లీ రెండు గంటలు కారులో కూర్చుని, అన్నం వేళ దాటిపోయాక ఇల్లు చేరి, చెమట తుడుచుకుంటూ మళ్లీ గంటే అంటాడు. గాలిలో ఉన్నదే ప్రయాణం, నేల మీద పడిన పాట్లన్నీ ఎవరో వేరేవాళ్లవి. ఈ కాలం వాళ్లందరిదీ ఇదే వరస. వాళ్లననే హక్కు నాకెంతవరకు ఉందో కూడా ముందుముందు మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో నా మీద ఒక వేళాకోళం ఉంది. ఫలానా ఊరికి ఎన్ని గంటలు పడుతుందని ఎవరడిగినా చేరినప్పుడు చేరతాం అంటానని. చిత్తూరు పోయినా అంతే, పెళ్లివారి బస్సెక్కి నాయుడుపేట పోయినా అంతే. మా ఆవిడ దీన్ని నా చాదస్తాల జాబితాలో ఎప్పుడో చేర్చేసింది. పాలు తాగి నోరు కాల్చుకున్నవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడని మనవాళ్లు అంటారు. నా విషయంలో కాలింది నా నోరు కాదు, ఇంకొకరి గుండె, అందుకే ఈ సంగతి ఆమెకు కూడా ఇన్నేళ్లూ చెప్పుకోలేదు.

నలభై ఏళ్లు దాటిన మాట. బి.కాం. అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఇంట్లో మగ్గం ఎక్కడానికి మనసొప్పక, నగరి బస్టాండు వీధిలో ఒక టికెట్ల ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆఫీసంటే ఒక్క గది. బయట బోర్డు మీద పెయింటరు వేసిన విమానం కొంచెం చేప మాదిరి ఉండేది. లోపల ఒక బల్ల, ఒక నల్ల టెలిఫోను, గోడకు అలమర, అలమరలో విమానాల టైంటేబులు పుస్తకం. యజమాని వారంలో నాలుగు రోజులు మద్రాసులోనే ఉండి, అక్కడి పెద్ద ఏజెంటు దగ్గర టికెట్లు చేయించి తెచ్చేవాడు. వెనక ఎర్ర కార్బను పూసిన ఆ పొడుగాటి టికెట్లు మీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటాయి, ముట్టుకుంటే వేళ్లకు ఎరుపు అంటేది, సబ్బు పెట్టి రుద్దితే గానీ పోయేది కాదు. ఆ ఎరుపు చూసుకుని నేను తెగ మిడిసిపడేవాణ్ణి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మా నాయన కన్నా నాలుగు మెట్లు పైకెక్కినట్టు.

ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైటుకు పోయేవాళ్లు ఎక్కువ, ఇళ్లలో వంటపనికి ఆడవాళ్లు, బండ్లు తోలడానికి మగవాళ్లు. చాలామందికి చదువు రాదు. అందుకని నేను ఒక అలవాటు పెట్టుకున్నాను. టికెట్టుతో పాటు ప్రతి ఒక్కరికీ తెలుగులో ఒక చీటీ రాసిచ్చేవాణ్ణి. మద్రాసులో తొమ్మిదింటికి బయలుదేరుతుంది, కువైటులో పదకొండున్నరకు దిగుతుంది, దాని కింద ఒక గీత గీసి, ప్రయాణం రెండున్నర గంటలు. తొమ్మిది నుంచి పదకొండున్నరకు రెండున్నర గంటలే కదా, ఒకటో తరగతి పిల్లల లెక్క. బయలుదేరే వేళ మన గడియారం ప్రకారం, దిగే వేళ వాళ్ల గడియారం ప్రకారం వేస్తారని, వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుందని, కాబట్టి అసలు గాలిలో ఉండేది ఐదు గంటలని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. పోయి వచ్చినవాళ్లు ఒకరిద్దరు, శానాసేపు పట్టింది సారూ, కాళ్లు వాచిపోయినాయి అన్నారు. భయంలో ఉన్నవాళ్లకు పొద్దు జరగదులే అని నవ్వి ఊరుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసు తిరుగు టికెట్టు చేయించిన పాపాన పోలేదు. మేము పంపేవాళ్లమే గానీ రప్పించేవాళ్లం కాదు, అది అక్కడ పనిలో పెట్టుకున్న వాళ్ల వ్యవహారం. పోయినవాళ్లు ఎప్పుడో ఒకనాడు పెద్ద పెట్టె, దుప్పటి మూట, టేపురికార్డరుతో బస్టాండులో ప్రత్యక్షమయ్యేవాళ్లు, అంతే. అందుచేత ఆ టైంటేబులు పుస్తకంలో పోయే పేజీ నా వేలిముద్రలతో నలిగి నల్లబడి ఉండేది, వచ్చే పేజీ మాత్రం అచ్చాఫీసు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండేది.

అక్క భర్త పెళ్లయిన నాలుగేళ్లకే జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. అన్నకు బరువు కాకూడదని కువైటులో ఒక ఇంట్లో వంటకు కుదిరింది. ఆమె టికెట్టు మా ఆఫీసులోనే చేయించాం, చీటీ నేనే రాశాను. వాళ్లమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని కొడుకు కుట్టిన చొక్కాలకు కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. చూపు తిప్పకుండా, ఒకే తీరుగా, అచ్చు మిషను కుట్టినట్టు ఉండేవి ఆమె కాజాలు. కూతురు పోయే ముందు రోజు ఆఫీసు గడప దగ్గర నిలబడి అడిగింది. "యాడుండాది నాయనా ఆ ఊరు? శానా దూరమా?"

నేను కుర్చీలో వెనక్కి వాలి, దూరమేముంది, ఇక్కడి నుంచి తిరుపతికి పోయే బస్సంత సేపు, అంతే అన్నాను. ఎర్రబస్సు పుత్తూరు, వడమాలపేట మీదుగా ఆగాగి పోతూ తిరుపతి చేరడానికి ఆ రోజుల్లో రెండున్నర గంటలు పట్టేది. గుండీలకు, దారాలకు ఆమె ఏడాదికి రెండుసార్లు ఆ బస్సులో పోయి వచ్చేది కాబట్టి ఆ లెక్క ఆమెకు సరిగ్గా అర్థమైంది. ముఖం తేటపడింది. నాకూ ఒక చీటీ రాసియ్యమని అడిగి పుచ్చుకుని, గుండీల డబ్బాలో పెట్టుకుంది. ఆ తర్వాత మూడేళ్లు, ఎవరైనా నీ కూతురు అంత దూరదేశం పోయిందే అని జాలిపడితే చాలు, డబ్బా మూత తీసి చీటీ చూపించి, తిరుపతంత దూరమేనంట, టికెట్ల ఆఫీసబ్బాయి రాసిచ్చినాడు అనేదట. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చీదర.

మూడో ఏడు, ఎండాకాలంలో ఒక సాయంత్రం ఆమె చేతిలో సూది చేతిలోనే ఉండగా అరుగు మీద ఒరిగిపోయింది. మా ఆఫీసు ఫోను నుంచే కువైటుకు ట్రంకాలు బుక్ చేశాం. అక్క పనిచేసే ఇంటివాళ్లు దయగలవాళ్లు. మళ్లీ వాళ్లే ఫోను చేసి, రేపు పొద్దున ఆరు గంటల విమానానికి ఎక్కిస్తున్నాం, మద్రాసు మీనంబాకంలో దిగి తనే టాక్సీ మాట్లాడుకుని వస్తుంది అన్నారు. అంతదాకా వినపడింది, ఎన్నింటికి దిగుతుందని అడిగేలోగా లైను తెగిపోయింది.

సాయిబుల్లో చనిపోయినవాళ్లను ఎక్కువసేపు ఉంచరు. ఆడవాళ్లు ఖబరస్తానుకు పోయే ఆచారం ఆ ఇంట్లో లేదు. కాబట్టి కూతురు తల్లి ముఖం చూసుకోవాలంటే ఇంటి నుంచి లేవదీయక ముందే చూసుకోవాలి, ఆ తర్వాత మట్టి కూడా ఆమె కంటపడదు. దర్జీ అన్న తన మేనమామ చేతులు పట్టుకుని చెల్లెలు వచ్చేదాకా ఆపమని ఏడ్చాడు. ఆ మేనమామే ఆ కుటుంబానికి పెద్ద, మసీదులో కూడా ఆయన మాటకు విలువ ఉండేది. ఆయన అక్కడున్న అందరినీ చూసి ఒకటే అడిగాడు. "ఆపుదాము. అయితే ఒక టయిము సెప్పండి. రేపు మజ్జాన్నం నమాజుకా, పొద్దుగూకే నమాజుకా? ఏదో ఒకటి సెప్తే దాని ప్రకారం ఐసు తెప్పిస్తాము, మనుషులకి సెప్పి పంపిస్తాము."

అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి. అంత మంది పెద్దవాళ్లు నా నోటికేసి చూడడం నా జన్మలో అదే మొదలు. ఆరుకు ఎక్కితే ఎనిమిదిన్నరకు మద్రాసులో దిగుతుంది, బయటపడేసరికి తొమ్మిదిన్నర, తిరువళ్లూరు, తిరుత్తణి మీదుగా టాక్సీ మూడు గంటలు, పన్నెండున్నరకు ఇంట్లో ఉంటుంది అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. మధ్యాహ్నం నమాజు తర్వాత అని నిర్ణయమైపోయింది. ఆఫీసులో, అలమరలో పుస్తకం ఉంది. తీసి చూడాలన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. అంత మంది ముందు లేచిపోయి పుస్తకం చూసి వస్తే వీడికి తెలియదనుకుంటారని ఊరుకున్నాను.

మర్నాడు పన్నెండున్నర అయింది, ఒంటిగంట అయింది. ఐసు గడ్డలు కరిగి నీళ్లు అరుగు మీది నుంచి వీధిలోకి పారుతున్నాయి, గోనెపట్టాలు తడిపి తడిపి వేస్తున్నారు. వీధి మలుపులో కారు హారను వినపడితే ఆడవాళ్లంతా వాకిట్లోకి వచ్చేవాళ్లు, మళ్లీ లోపలికి పోయేవాళ్లు. దర్జీ అన్న అరుగు అంచున కూర్చుని, వచ్చినవాళ్లనల్లా టైమెంత అని అడుగుతున్నాడు. మగవాళ్లు మసీదుకు పోయి నమాజు చేసుకుని తిరిగి వచ్చారు. రెండు కావచ్చింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఒక్కొక్కరు నా వైపు చూసే చూపు మారుతోందని నాకు తెలుస్తోంది. ఫోను చేసి కనుక్కుని వస్తానని ఆఫీసుకు నడిచాను.

ఫోను ఎత్తకముందే, ఎందుకో మరి, అలమరలోంచి పుస్తకం తీశాను. కొత్తగా ఉన్న ఆ వచ్చే పేజీ తిప్పాను. కువైటులో ఆరు గంటలు, మద్రాసులో మధ్యాహ్నం ఒకటిన్నర అని ఉంది. మొదట అచ్చుతప్పు అనుకున్నాను. పేజీ అడుగున చీమ తలకాయలంత అక్షరాలతో, వేళలన్నీ ఆయా ఊళ్ల గడియారాల ప్రకారం అని రాసి ఉంది. అది చదివాక అంతా అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. విమానం అరగంట క్రితమే దిగి ఉంటుంది. ఐదున్నర లోపల అక్క ఇంటి ముందు ఉంటుంది, పొద్దుగూకే నమాజుకు గంట ముందే. నేను చేయవలసింది ఒక్కటే, పరుగున పోయి, తప్పు నాది, లెక్క తప్పు చెప్పాను, ఐదున్నరకు ఖాయంగా వస్తుంది, ఆపండి అని చెప్పడం. ఆ మాటలు నోట్లో కూర్చుకుంటూనే వీధి పొడుగునా నడిచాను.

పందిరి కింద అడుగుపెట్టగానే మేనమామ, "ఏమప్పా, ఏమన్నారు?" అని అడిగాడు. విమానం లేటంట అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట, నా నాలుక మీద సిద్ధంగా కూర్చున్నట్టు వచ్చింది. ఎంత లేటని అడిగారు. తెలియదు, సాయంత్రానికి రావచ్చు అన్నాను. ఆ పెద్దాయన నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "రావచ్చు అంటే కాదు నాయనా. కచ్చితంగా సాయంత్రం వస్తాదని సెప్పు, పొద్దుగూకే దాకా ఉంచుదాము. లేటయిన విమానం ఈపొద్దొస్తాదో రేపొస్తాదో ఎవురికెరుక. ఎండ సూస్తా ఉండావు గదా." కచ్చితంగా అంటే ఎలా తెలుసని అడుగుతారు, అడిగితే పుస్తకం సంగతి బయటపడుతుంది, ఇన్నాళ్లు ఊరంతటికీ పంచిన చీటీల సంగతి బయటపడుతుంది. తల వంచుకుని, చెప్పలేను అన్నాను.

మూడు గంటలకు లేవదీశారు. నేనూ కాసేపు భుజం పట్టాను, ఆ సిగ్గుమాలిన పని కూడా చెప్పుకోవాలి.

ఐదూ ఇరవైకి టాక్సీ వచ్చింది. అక్క దిగింది, ఒక చేతిలో చిన్న సంచీ, అంతే. వాకిట్లో కడిగిన మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆమె దాన్ని చూసింది. ఎప్పుడని అడిగింది. మూడింటికని ఎవరో చెప్పారు. ఆడవాళ్లు చుట్టుకుని ఏడుస్తున్నా ఆమె ఏడవలేదు, మంచం పట్టె మీద చెయ్యి పెట్టి నిలబడింది. మేనమామ గొంతు సవరించుకుని, "విమానం లేటయిందంట గదమ్మా," అన్నాడు. ఆమె ఒకసారి చేతి గడియారం చూసుకుంది, ఒకసారి చుట్టూ అందరినీ చూసింది, గోడ వారగా నిలబడిన నన్ను కూడా చూసింది. "ఆ, లేటే మామా," అంది. ఆ ఒక్క క్షణం నా ప్రాణం లేచివచ్చింది, నిజంగానే లేటయిందేమో, నా తప్పేమీ లేదేమో అని. పుస్తకంలో ఉన్న వేళకే విమానం దిగిందని, లేకపోతే ఆ సమయానికి నగరి చేరేది కాదని తెలిసి కూడా సంతోషపడ్డాను. అంతకన్నా నీచమైన సంతోషం నా బతుకులో మళ్లీ కలగలేదు.

రెండు నెలలకు ఆ ఉద్యోగం మానేసి తిరుపతి వచ్చి ఒక కాలేజీ ఆఫీసులో చేరాను, అక్కడే రిటైరయ్యాను. అక్క మళ్లీ కువైటు పోయింది, పదేళ్లు ఉండి వచ్చింది. దర్జీ అన్న ఐదేళ్ల క్రితం పోయేదాకా, నేను ఎప్పుడు నగరి పోయినా మిషను ఆపి, ఆ పాడు విమానం టయానికి వచ్చుంటేనా అనేవాడు. నేను తలూపేవాణ్ణి. ఏ పాపమూ ఎరగని విమానాన్ని అతను అన్నేళ్లు తిట్టాడు, ఆ తిట్లు ఎవరికి తగలాలో తెలిసిన నేను అతని ఎదురుగా కూర్చుని అతను తెప్పించిన టీ తాగాను.

అందుకే అక్కకు ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. మొన్న ఒక కాగితం జేబులో పెట్టుకుని నగరి బస్సెక్కాను. వడమాలపేట దగ్గర టోలుగేటు, పుత్తూరు దాకా వెడల్పాటి రోడ్డు, బస్సు గంటన్నరలో దింపేసింది. మా పాత ఆఫీసు గదిలో ఇప్పుడు సెల్‌ఫోను రిపేరీలు చేస్తున్నారు. అక్క అదే ఇంట్లో, అదే అరుగు మీద కూర్చుని ఉంది. నేను రాసుకుపోయింది చదివి వినిపించాను. ఇంటి గడప నుంచి చెన్నై విమానాశ్రయానికి మూడు గంటలు, అక్కడ లైన్లలో నిలబడి, కూర్చుని నాలుగు గంటలు, గాలిలో ఆరు గంటల లోపు, దిగాక గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి, బయటపడడానికి రెండు గంటలు, మక్కాకు గంటన్నర. మొత్తం పదహారున్నర గంటలు, అటూ ఇటూ కావచ్చు. ఆమె కళ్లు మూసుకుని, ప్రతి మెట్టూ ఎక్కుతున్నట్టు తలాడిస్తూ వింది.

ఆ తర్వాత, ఏ ధైర్యం వచ్చిందో, ఆ రోజు సంగతి చెప్పేశాను. చీటీ లెక్క తప్పని, విమానం లేటు కాలేదని. ఆమె ఆశ్చర్యపోలేదు. "అది నాకు ఆ పొద్దే తెల్సు తమ్ముడూ. విమానం టయానికి లేసింది, టయానికి దిగింది. లేటని మామ అన్నప్పుడు అందురూ నన్ను సూస్తా ఉండారు, నువ్వొక్కడివే నేల సూస్తా ఉండావు. మా అన్నకి తెలిస్తే నిన్ను బతకనిచ్చేటోడు కాదు. తర్వాత గుండీల డబ్బాలో నీ చీటీ దొరికింది. అమ్మ అది సూసుకోని మూడేండ్లు నిమ్మళంగా ఉండిందంట, అందుకని నిన్ను అనబుద్ధి కాలా."

అంతటితో ఆపి ఉంటే నేను క్షమాపణ జేబులో వేసుకుని ఇంటికి వచ్చి ఉండేవాణ్ణి. కానీ ఆపలేదు. రెండు గంటలప్పుడు పుస్తకం తీసి చూశానని, ఐదున్నరకు వస్తుందని తెలిసే నోరు మూసుకున్నానని, మామ కచ్చితంగా చెప్పమని భుజం పట్టుకుని అడిగితే చెప్పలేనన్నానని కూడా చెప్పాను. వీధిలో కూరగాయల బండి వచ్చి, మైకులో అరిచి, వెళ్లిపోయింది. "చీటీ సంగతి తెల్సు," అంది అక్క చివరికి. "పుస్తకం సంగతి తెల్దు." ఆ మాట అన్న తీరు నేను రాయలేను. కోపమైతే భరించేవాణ్ణి.

లేచి వచ్చేద్దామనుకున్నాను. ఈలోగా ఆమె నా చేతిలోని కాగితం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నా ముందే పెట్టింది. "పొయ్యేదే రాసినావు. వొచ్చేది రాయలేదే," అంది.

నలభై ఏళ్ల తర్వాత కూడా పోయే పేజీ ఒక్కటే చూసుకుని వచ్చాను. ఈ రోజుల్లో ఆ ఫోనులో పోయేదీ వచ్చేదీ ఒకదాని కింద ఒకటి కనపడతాయి, విమానం ఇప్పుడు ఏ సముద్రం మీద ఉందో కూడా కనపడుతుందట, ఎవరి నోటికేసీ ఎవరూ చూడనక్కర్లేదు. ఆ తెరను చూస్తే నాకు ఎంత రోత పుట్టినా, అలాంటిది ఒకటి ఆనాడు ఆ పందిరి కింద ఎవరి చేతిలో ఉన్నా అక్క తల్లి ముఖం చూసుకునేది, ఇది ఒప్పుకోక తప్పదు. మన కాలంలో మనిషిని మనిషి అడిగేవాడు, ఆ నమ్మకం ఎంత గొప్పదని మన ఈడు వాళ్లం చెప్పుకుంటూ ఉంటాం. ఆ నమ్మకం నా చేతికి వచ్చినప్పుడు నేనేం చేశానో నాకు తెలుసు కాబట్టి, ఆ మాట ఎవరైనా అంటే నేను లేచి అవతలికి పోతాను.

కాగితం వెనక్కి తిప్పి, ఈసారి ఫోనులో రెండుసార్లు సరిచూసుకుని, మక్కా నుంచి ఈ అరుగు దాకా వచ్చే గంటలన్నీ రాశాను, గడియారం మళ్లీ రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలని కింద గీత గీసి రాశాను. అక్క చదివించుకుని వింది, మళ్లీ ఒకసారి చదవమంది. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి, లోపలికి పోయి గుండీల డబ్బా తెచ్చి, అందులో పెట్టి మూత వేసింది. పాత చీటీ ఇంకా ఆ డబ్బాలోనే ఉందా అని నేను అడగలేదు.